ఆర్సీ చేతులు మారేటప్పుడే పొగ కొలవాలి

డీజిల్ బండి పొగ మీద మన దగ్గర మాట వచ్చిందంటే అది చలానా దగ్గర మొదలై చలానా దగ్గరే ఆగిపోతుంది. పోలీసు ఆపితే పొల్యూషన్ కాగితం ఉందా, దాని గడువు ఎప్పటిదాకా, లేకపోతే ఎంత కట్టాలి అనే లెక్కల్లో అసలు ఆ బండి ఎంత పొగ వదులుతున్నదన్న ప్రశ్న ఎవరికీ గుర్తుకు రాదు. ఈ పరీక్షను రోడ్డు పక్కన వ్యానుకు వదిలేయకుండా రవాణా శాఖ కార్యాలయంలోనే చేయాలని, బండి ఆర్సీ ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారేటప్పుడు, పదిహేనేళ్లు నిండి రెన్యూవల్‌కు వచ్చినప్పుడు, వేరే రాష్ట్రం నంబరు తీసేసి మన నంబరు వేసేటప్పుడు తప్పనిసరిగా పొగ కొలవాలని నా వాదన. అది కూడా నల్లగొండ వంటి చోట మిగతా జిల్లాల కంటే గట్టిగా జరగాలి.

నల్లగొండ పేరే ఎందుకంటే, 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు గాలి నాణ్యతా ప్రమాణాలను వరుసగా అందుకోలేకపోయిన నగరాల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్లగొండ కూడా ఉంది. తర్వాత సంగారెడ్డి చేరింది. హైదరాబాద్ ఉండటంలో వింతేమీ లేదు, పటాన్‌చెరు ఫ్యాక్టరీల సంగతి అందరికీ తెలిసిందే. జిల్లా కేంద్రమే అయినా చుట్టూ పొలాలు, గుట్టలు ఉన్న మన ఊరు ఆ వరుసలో చేరడం చాలామంది నమ్మరు. 2009 నాటి జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం 10 ధూళి, అంటే పది మైక్రాన్లకు మించని రేణువుల ఏడాది సగటు ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ గీతను మన ఊరు ఏళ్ల తరబడి దాటుతూ వచ్చింది కాబట్టే జాబితాకెక్కింది.

అందులో పొగ వాటా ఎంత, దుమ్ము వాటా ఎంత అని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. పీఎం 10లో రోడ్డు మీది మట్టి, కట్టడాల ఇసుక, చెత్త తగలబెట్టడం పెద్ద భాగమే. ఎండాకాలంలో మిర్యాలగూడ రోడ్డు మీద ఒక్క లారీ పోతే లేచే దుమ్ము చూసినవాళ్లకు ఆ మాట వేరే చెప్పనవసరం లేదు. అయితే డీజిల్ మసి ఆ దుమ్ము లాంటిది కాదు. ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల లోతుకు పోయేంత సన్నని రేణువులవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. రోడ్డు ఊడ్చే యంత్రాలు కొని దుమ్మును తగ్గించవచ్చు గానీ, మసిని బండి గొట్టం దగ్గర ఆపాల్సిందే.

ఇక నిబంధన ఏం చెబుతున్నదో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 115వ నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి ఏడాది దాటిన ప్రతి బండికీ చెల్లుబాటయ్యే పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. పాత బండ్లకు దాని గడువు ఆరు నెలలు, భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో నాలుగో, ఆరో మెట్టు బండ్లకు, అంటే బీఎస్ 4, బీఎస్ 6 వాటికి ఏడాది. డీజిల్ బండికి కొలిచేది పొగ సాంద్రత ఒక్కటే. బండి నిలబడి ఉండగానే, న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆయిలు బాగా వేడెక్కిన తర్వాత, యాక్సిలరేటర్‌ను ఒక్క ఊపున చివరిదాకా తొక్కి, ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ అనే భాగం ఆపే వేగం వరకూ ఇంజిన్‌ను పోనివ్వాలి. సైలెన్సర్ గొట్టంలో దూర్చిన ప్రోబ్ గుండా పొగ యంత్రంలోకి పోతుంది, అక్కడ ఒక వెలుతురు కిరణాన్ని ఆ పొగ ఎంత మేరకు అడ్డుకున్నదో యంత్రం చెబుతుంది. ఇలా కొన్నిసార్లు తొక్కి, వచ్చిన అంకెల సగటు తీయాలి. బీఎస్ 4 కంటే ముందటి బండ్లకు ఆ సగటు హార్ట్‌రిడ్జ్ కొలమానంలో 65 దాటకూడదు, అంటే పొగ వెలుతురును మింగే లెక్కలో మీటరుకు 2.45. బీఎస్ 4 బండికి 50, అంటే 1.62. బీఎస్ 6కు వచ్చేసరికి ఆ పరిమితి 0.7కు దిగింది.

చదివితే ఇది సరైన పరీక్షే అనిపిస్తుంది. జరిగే తీరు వేరు. పెట్రోల్ బంకు పక్కన చెట్టు కింద ఒక పాత వ్యాను, లోపల ఒక కంప్యూటరు, ప్రింటరు, డాష్‌బోర్డు మీద దుమ్ము పట్టిన ప్రోబ్ వైరు. బండిని వ్యాను వెనక ఆపితే నంబరు ప్లేటుకు ఒక ఫొటో తీస్తారు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడుగుతారు, కాగితం వచ్చేస్తుంది. ప్రోబ్‌ను గొట్టం చివర పెట్టినట్టు పెట్టి తీసేసిన సందర్భాలు చూశాను, అసలు పెట్టని సందర్భాలూ చూశాను. ఒకసారి నేను యాక్సిలరేటర్ తొక్కబోతే, వ్యానులోని పిల్లవాడు "వద్దు సార్, ఆఫ్ జేయండి, అయిపోయింది" అన్నాడు. చేతికొచ్చిన కాగితంలో మాత్రం సగటు అంకె దశాంశాలతో సహా ఉంది.

ఆ పిల్లవాడిని తప్పుపట్టి లాభం లేదు. పాత ఇంజిన్‌ను నిలబెట్టి చివరిదాకా తొక్కితే బెల్టు తెగవచ్చు, ఇంకేదైనా విరగవచ్చు, దానికి పూచీ ఎవరిది? చిన్న రుసుముకు పనిచేసే వ్యాను యజమాని అంత నష్టాన్ని నెత్తినేసుకోడు. పైగా ఒక బండిని ఫెయిల్ చేస్తే ఆ యజమాని నేరుగా పక్క బంకు దగ్గరున్న వ్యానుకు పోతాడు, ఫెయిల్ చేసినవాడికి గిరాకీ పోతుంది. ఏ బండినీ ఫెయిల్ చేయకపోతేనే పూట గడిచే ఏర్పాటులో నిజాయితీని ఆశించడం అత్యాశ.

నిజంగా పొగ కొలిచే చోట కూడా మెకానిక్‌లకు ఉపాయాలు తెలుసు. మా బంధువుల డీసీఎం మిర్యాలగూడ రైసు మిల్లుల నుంచి బియ్యం బస్తాలు తోలేది. దానికి బ్రేక్ తేదీ దగ్గర పడ్డప్పుడు, అంటే ఫిట్‌నెస్ చేయించాల్సి వచ్చినప్పుడు, డీజిల్ పంపు పనిచేసే మేస్త్రీ చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "అన్నా, పంపు గింత తక్కువ జేస్తా. పొగ రాదు. లోడు మీద గుంజదు గనీ, పాసయినంక మల్ల పెంచుకుందాం." ఆయన దాచిందేమీ లేదు, అది ఆ వీధిలో అందరూ చేసే పనే. డీజిల్ తక్కువ పోస్తే మసి తక్కువ వస్తుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి బుద్ధిగా ఉంటుంది, వారం తిరిగేసరికి వాడపల్లి దారిలో మళ్లీ నల్లటి పొగ. మెకానికల్ పంపున్న పాత ఇంజిన్లన్నిటిలోనూ ఇది చెల్లుతుంది.

రవాణా వాహనాలకు కనీసం ఆ బ్రేక్ అన్నా ఉంది. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా అవి అధికారి కంటపడతాయి. సొంత వాడకం డీజిల్ కారు సంగతి అలా కాదు. మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ పదిహేనేళ్లలో అది రవాణా కార్యాలయం గేటు దాటకపోయినా అడిగేవాడు లేడు. మధ్యలో ఉన్న ఒకే ఒక కట్టుబాటు పొల్యూషన్ కాగితం. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కాగితం లేనిదే ఇన్సూరెన్సు రెన్యూవల్ చేయవద్దని ఆదేశించింది, 2024 జులైలో ఆ షరతును తొలగించింది. ఇన్సూరెన్సు లేని బండ్లు పెరిగితే ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్లకు పరిహారం అందదన్నది అందుకు కారణం, అది న్యాయమైన కారణమే. కానీ ఆ ముడి విప్పాక దాని స్థానంలో ఇంకో ముడి వేసినవాళ్లు లేరు. 2019 సవరణతో చట్టంలో పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు అని రాసుకున్నాం. దొరికితేనే పడే శిక్ష అది, దొరికినా అడిగేది కాగితాన్నే.

అందుకే ఆర్సీ దగ్గర పట్టుకోవాలంటున్నాను. తన బండి పేరు మార్పించుకోవాలన్నా, రెన్యూవల్ కావాలన్నా యజమాని తనంతట తానే కార్యాలయానికి వస్తాడు, ఆ పని జరిగేదాకా ఓపిక పడతాడు. అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ అక్కడే ఉంటారు కాబట్టి మరమ్మతు ఖర్చు ఎవరిదో బేరంలోనే తేలిపోతుంది.

దీన్ని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఢిల్లీ కార్లు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదని చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. 2025 ఆగస్టులో అదే కోర్టు పాత బండ్ల యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్నది గానీ, అప్పటికే ఏళ్ల తరబడి అక్కడి పెద్ద పెద్ద డీజిల్ కార్లు, ఎస్‌యూవీలు సగం ధర కంటే తక్కువకు దక్షిణాదికి దిగాయి. మన జిల్లాల్లోనూ అక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అదే ఎన్‌వోసీ తెచ్చుకుని, లైఫ్ ట్యాక్స్ కట్టి మన నంబరు వేయించుకున్నవాళ్లు, ఇంకా వేయించుకోకుండా డీఎల్ అని ఉండే ఢిల్లీ నంబరుతోనే తిరిగేవాళ్లు ప్రతి మండలంలో కనిపిస్తారు. కొన్నవాళ్లను నేను అనడం లేదు. తక్కువ ధరకు మంచి బండి వస్తే ఎవరు వద్దంటారు?

2016 జులైలో అదే ట్రిబ్యునల్ పెట్టిన షరతును మాత్రం ఒకసారి గుర్తుచేసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన డీజిల్ బండికి ఎన్‌వోసీ ఇవ్వవద్దు, పది నుంచి పదిహేనేళ్ల మధ్య ఉన్నవాటిని గాలి బాగా వీచే, వాహనాలు తక్కువగా ఉండే ప్రాంతాలకే పంపాలి, ఆ ప్రాంతాలేవో రాష్ట్రాలు గుర్తించి చెప్పాలి అని అందులోని సారాంశం. కాగితం మీద నల్లగొండ అలాంటి చోటే అనిపిస్తుంది, ఢిల్లీతో పోలిస్తే ఇక్కడ వాహనాలెన్ని? కానీ మూడేళ్లు తిరగకముందే ఇదే ఊరు గాలి బాగాలేని ఊళ్ల జాబితాలో ఢిల్లీ పక్కన కూర్చుంది. ఒక చోట పనికిరాదన్న బండిని, గాలి బాగాలేదని కేంద్రమే రాసిపెట్టుకున్న ఇంకో చోటికి తెచ్చుకుని కొత్త నంబరు ఇస్తున్నప్పుడు, కనీసం దాని పొగ ఎంతో ఒకసారి చూడమనడం అతిగా అడగడం కాదు. ఇప్పుడు జరిగేది ఛాసిస్ నంబరు సరిచూడటం, ఎన్‌వోసీ అసలుదో కాదో తేల్చుకోవడం, పన్ను లెక్కగట్టడం. పొగ విషయానికి వచ్చేసరికి బంకు దగ్గరి వ్యాను కాగితమే సరిపోతుంది.

ఊరి గాలిని బట్టి నిబంధన మారడం కొత్త ఆలోచనేమీ కాదు. మన నల్లగొండ, పాలమూరు పిల్లలు బోలెడుమంది డల్లాస్ చుట్టుపక్కల ఉన్నారు, వాళ్లనడిగితే చెబుతారు. టెక్సాస్‌లో ఉన్న 254 కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి వాటిలో, గాలి సమస్య ఉన్న కొన్నిటిలో మాత్రమే రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు ముందు పొగ పరీక్ష తప్పనిసరి. డల్లాస్, కాలిన్, డెంటన్, టారెంట్ ఆ కొన్నిటిలోనివే. పాస్ కాకపోతే రెన్యూవల్ జరగదు. అయితే అక్కడ డీజిల్ బండ్లకు ఆ పరీక్ష నుంచి పూర్తి మినహాయింపు ఉండటం నాకు మింగుడుపడని విషయం. కాలిఫోర్నియా అలా వదలలేదు, 1998 మోడలు నుంచి వచ్చిన చిన్న, మధ్యతరహా డీజిల్ బండ్లను రెండేళ్లకొకసారి జరిగే పరీక్షలోకి 2010లో తెచ్చింది. టెక్సాస్ నుంచి కౌంటీ పద్ధతిని, కాలిఫోర్నియా నుంచి డీజిల్‌ను వదలకపోవడాన్ని మనం తీసుకోవచ్చు.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది, దాన్ని దాటవేస్తే నా వాదన సగమే అవుతుంది. ఇప్పటి పొగ పరీక్ష పాత బండ్లకు సరిపోయినంతగా కొత్త బండ్లకు సరిపోదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, దాన్నే డీపీఎఫ్ అంటున్నాం. ఊళ్లో చిన్న చిన్న తిరుగుళ్లకే వాడే బండిలో ఆ ఫిల్టరు వేడెక్కి శుభ్రపడే అవకాశం దొరకదు, మూసుకుపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. షోరూములో కొత్తది వేయాలంటే లక్షల మాట చెబుతారు. దాన్ని కోసి లోపలి సరుకు తీసేసి, కంప్యూటరులో సెట్టింగు మార్చి లైటు రాకుండా చేసేవాళ్లు అంతకంటే చాలా తక్కువకు దొరుకుతారు. అలా ఫిల్టరు తీసేసిన బండి కూడా వెలుతురు కిరణం పరీక్షలో 0.7 లోపలే పాస్ కావచ్చు, ఎందుకంటే కొత్త ఇంజిను వదిలే మసి కంటికి ఆనేంత ముద్దగా ఉండదు. ఈ లోపాన్ని గుర్తించే నెదర్లాండ్స్, జర్మనీ 2023 నుంచి ఆవర్తన తనిఖీల్లో కొత్త తరం డీజిల్ బండ్లకు రేణువుల సంఖ్యను లెక్కపెట్టే యంత్రాలను పెట్టాయి. ఫిల్టరు ఉన్న బండికీ తీసేసిన బండికీ ఆ యంత్రంలో తేడా ఇట్టే తెలిసిపోతుంది.

నైట్రోజన్ ఆక్సైడుల సంగతి సరేసరి, మన పొల్యూషన్ పరీక్ష డీజిల్ బండిలో వాటిని కొలవనే కొలవదు. కంపెనీలు ల్యాబులో చూపించిన అంకెలను నమ్ముకుంటే ఏమవుతుందో 2015లో ఫోక్స్‌వాగన్ వ్యవహారంలో లోకమంతా చూసింది. పరీక్ష జరుగుతున్నట్టు పసిగట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించుకునే సాఫ్ట్‌వేరును ఆ కంపెనీ కోటికి పైగా బండ్లలో పెట్టింది. మా మేస్త్రీ పంపు తగ్గించడానికీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించదు. చదువుకున్న ఇంజనీర్లు చేశారంతే.

ఇక ఎదురు వాదనలు. మొదటిది బతుకుదెరువుకు సంబంధించినది, అన్నిటికంటే బరువైనదీ అదే. అప్పుచేసి కొన్న సెకండ్ హ్యాండు డీసీఎం మీద, బొలెరో ట్రాలీ మీద కుటుంబాన్ని నడిపే మనిషికి ఫెయిల్ అన్న మాట వారం రోజుల కిరాయి పోవడమే. నేను దీన్ని కొట్టిపారేయను. కానీ నల్లటి పొగ చాలాసార్లు పూడిపోయిన ఎయిర్ ఫిల్టరు వల్లనో, అరిగిన నాజిళ్ల వల్లనో, గాడి తప్పిన పంపు వల్లనో వస్తుంది, అవి బాగుచేసుకుంటే డీజిల్ కూడా ఆదా అవుతుంది. మసి అంటే కాలకుండా బయటికి పోయిన ఇంధనమే కదా. అందుకని మొదటిసారి ఫెయిలైనవాడికి జరిమానా వద్దు, బండి ఆపవద్దు, ఒక నెల గడువిచ్చి మళ్లీ ఉచితంగా పరీక్షిస్తే చాలు. గ్రీన్ ట్యాక్స్ పేరుతో పాత బండ్ల నుంచి ఇప్పటికే డబ్బు వసూలవుతున్నది. ఆ పన్ను బండి వయసును చూస్తుంది తప్ప పొగను చూడదు. బాగా చూసుకున్న పదహారేళ్ల బండీ, ఊరంతా కమ్మేసే పదహారేళ్ల బండీ ఒకటే కడతాయి. పరీక్షలో మంచి అంకె తెచ్చుకున్నవాడికి ఆ పన్నులో తగ్గింపు ఇస్తే, బండ్లవాళ్లే పరీక్ష కావాలని అడుగుతారు.

రెండో వాదన, ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, అటు ఎన్‌హెచ్ 44 మీద జడ్చర్ల, కొత్తకోట మీదుగా పోయే లారీల్లో ఎక్కువ భాగం మన జిల్లాలవి కావు, మన ఆర్టీఏ గట్టిపడితే వాటికేమవుతుంది అని. ఏమీ కాదు, నిజమే. హైవే లారీలకు దేశమంతటా ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లే దారి. యంత్రాలే బ్రేకులను, హెడ్‌లైట్లను, పొగను కొలిచి అంకెను నేరుగా సర్వరుకు పంపే ఆ పద్ధతి వస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ విచక్షణకు చోటు తగ్గుతుంది. అయితే గడియారం సెంటరులో, ప్రకాశం బజారులో, బడుల ముందర రోజంతా తిరిగేవి హైవే లారీలు కావు, ఇక్కడి నంబరు బండ్లే. పిల్లలు పీల్చేది వీటి పొగనే.

ఇదంతా కేంద్రం చేతిలో ఉంది, రాష్ట్రం ఏం చేయగలదు అన్నది మూడో వాదన. పొగ పరిమితులు, బండి వయసు హద్దులు కేంద్రానివే. కానీ అదే 115వ నిబంధనలో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు అధికారం ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వమని ఉంది. ఎవరి పరీక్ష చెల్లుతుందో నిర్ణయించే అధికారం రాష్ట్రానిది అయినప్పుడు, నల్లగొండలో ఆర్సీ బదిలీకి, రెన్యూవల్‌కు, బయటి రాష్ట్రం బండికి నంబరు ఇవ్వడానికి కార్యాలయం ఆవరణలోని యంత్రం ఇచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకుంటామని చెప్పడానికి అడ్డేముంది? తెలంగాణ చాలాకాలం బండ్ల రిజిస్ట్రేషన్ల కోసం కేంద్రం నడిపే వాహన్ పోర్టల్‌లో చేరకుండా సొంత వ్యవస్థతోనే నడిచింది, అంటే తన పద్ధతి తాను పెట్టుకోవడం మన రవాణా శాఖకు అలవాటైన పనే.

ఇవన్నీ జరగడానికి సమయం పడుతుందనుకుంటే, రేపే చేయగలిగిన పని ఒకటుంది. 2021 జూన్‌లో కేంద్రం దేశమంతటికీ ఒకే రకం పొల్యూషన్ సర్టిఫికెట్‌ను క్యూఆర్ కోడ్‌తో సహా తెచ్చినప్పుడు, ఫెయిలైన బండికి కారణం రాసిన తిరస్కరణ చీటీ ఇవ్వాలని కూడా చెప్పింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోని ఒక్కో పరీక్ష కేంద్రం నెలకు ఎన్ని డీజిల్ బండ్లను చూసింది, అందులో ఎన్నిటికి ఆ చీటీ ఇచ్చింది అన్న రెండు అంకెలను రవాణా శాఖ తన వెబ్‌సైటులో పెడితే చాలు. ఏడాదంతా వందల బండ్లు చూసి ఒక్కటి కూడా ఫెయిల్ చేయని కేంద్రం ఏదైనా ఉంటే, దాని లైసెన్సును రెన్యూవల్ చేసేముందు ఆ ప్రోబ్‌ను ఒకసారి అధికారులు తమ సొంత జీపు గొట్టంలోనే పెట్టి చూడవచ్చు.